దోమను వదిలే ముందు

యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడుతున్నప్పుడు, ఆయన కృషిలో మన డెల్టా పల్లెలకు అన్నిటికంటే దగ్గరైన మందుతో మొదలుపెట్టడం సబబనిపించింది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనను నడిపిస్తున్న రోజుల్లో, 1947లో, డైఈథైల్ కార్బమజీన్ వెలుగులోకి వచ్చింది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించే బోదకాలు మాత్ర అదే. రక్తంలో తిరిగే ఫైలేరియా పిల్లపురుగులను అది చంపుతుంది. ఆ పురుగును ఒకరి నుంచి ఇంకొకరికి మోసుకెళ్లే క్యూలెక్స్ దోమను మాత్రం అదేమీ చేయదు. మురుగునీరు నిలిచినంత కాలం ఆ దోమ ఉంటుంది, దోమ ఉన్నంత కాలం జబ్బు తిరగబెడుతుందన్న భయమూ ఉంటుంది. డెంగీ విషయంలో ఆ మాత్రం ఆసరా కూడా లేదు. ఆ వైరస్‌ను చంపే మందు ఇంకా వైద్యుల చేతికి రాలేదు. మన దేశంలో తయారైన టీకా మీద మూడో దశ పరీక్షలు 2024 ఆగస్టులోగాని మొదలుకాలేదు. 2023లో దేశం మొత్తం మీద 2 లక్షల 89 వేలకు పైగా డెంగీ కేసులు ప్రభుత్వ లెక్కలకెక్కాయి. పరీక్ష చేయించుకోకుండా జ్వరం తగ్గేదాకా ఇంట్లో పడుకున్నవాళ్లు ఆ లెక్కలో లేరు. కాబట్టి డెంగీతో పోరాటమంటే నేటికీ ప్రధానంగా దోమతో పోరాటమే.

ఆ పోరాటంలో ఒక పద్ధతి గురించి ఈ రోజు మాట్లాడతాను. సంతానశక్తి తీసేసిన మగదోమలను లక్షల్లో పెంచి ఊళ్లోకి వదలడం ఆ పద్ధతి. ఇది పనిచేస్తుందా అన్న ప్రశ్నకు జీవశాస్త్రం చాలావరకు జవాబు చెప్పింది. నా వాదం ఆ తరవాతి మెట్టు గురించి. ఏ జనం వాకిళ్లలో ఈ దోమలు ఎగరబోతున్నాయో ఆ జనానికి మొదటినుంచీ అన్నీ తెలియాలి, వాళ్లు ఒప్పుకోవాలి, ఏళ్ల తరబడి తోడుండాలి. దీన్ని ప్రచార విభాగానికి అప్పగించే పనిగా చూడటం పొరపాటు. సంతానశక్తి పోగొట్టే కిరణాల మోతాదు, మగ ఆడ వేరుచేసే జల్లెడ ఎంత ముఖ్యమో ఇదీ అంత ముఖ్యమైన సాంకేతిక అవసరం. యాభై ఏళ్ల కిందట ఈ శాస్త్రంలో ప్రపంచానికి ముందువరసలో నిలిచిన మన దేశం ఈ ఒక్కటి లోపించడం వల్లే దాన్ని చేజార్చుకుంది.

ముందు లెక్క చూద్దాం. అమెరికా వ్యవసాయ శాఖలో కీటక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ నిప్లింగ్ ఈ లెక్క కట్టింది దోమ కోసం కాదు. పశువుల పుండ్లలో గుడ్లు పెట్టి, బతికున్న మాంసాన్ని తినే స్క్రూవర్మ్ ఈగ ఆయన శత్రువు. ఆ జాతిలో ఆడ ఈగ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఆ ఒక్కసారి దానికి దొరికిన మగ ఈగ సంతానశక్తి లేనిదైతే, ఇక అది పెట్టే గుడ్లేవీ పొదగవు. 1955లో నిప్లింగ్ ప్రచురించిన లెక్కలో 10 లక్షల ఆడ ఈగలు, అన్నే మగ ఈగలు ఉన్న ప్రాంతంలో తరానికి 20 లక్షల చొప్పున నిర్వీర్య మగ ఈగలను వదులుతారు. మూడు జతల్లో రెండు వృథా పోతాయి, రెండో తరానికి 3,33,333 ఆడ ఈగలే మిగులుతాయి. వదిలే సంఖ్య తగ్గదు కనుక ఈసారి సహజమైన మగ ఈగ ఒకటికి నిర్వీర్యమైనవి ఆరుంటాయి. మూడో తరానికి 47,619, నాలుగో తరానికి 1,107 మిగులుతాయి. ఐదో తరానికి ఒక్కటీ మిగలదు. పురుగుమందు దారి దీనికి పూర్తిగా వేరు. నూటికి తొంభైని చంపే మందు, పురుగులు కోటి ఉన్నా వంద ఉన్నా నూటికి తొంభైనే చంపుతుంది, పైగా మిగిలినవి ఆ మందును తట్టుకునే పిల్లలను కంటాయి. నిర్వీర్య మగ కీటకం శత్రువు పలచబడేకొద్దీ బలపడుతుంది. మనిషి చేయి, మందు పొగ చేరలేని మూలలో మిగిలిన ఆడదాన్ని అది తనే వెతుక్కుంటూ పోతుంది. 1954లో కరేబియన్ సముద్రంలోని కురసావో దీవిలో కోబాల్ట్ కిరణాలు సోకించిన ఈగలను వదిలితే కొద్ది నెలల్లోనే అక్కడ స్క్రూవర్మ్ అంతరించింది. 1988లో ఆ ఈగ లిబియాలో కనిపించినప్పుడు, మెక్సికోలో పెంచిన ఈగలను విమానాల్లో తెచ్చి వదిలి 1991 నాటికి దాన్ని నిర్మూలించారు.

దోమతో వ్యవహారం అంత సులువుగా సాగలేదు. మగదోమ సున్నితమైన ప్రాణి. సంతానశక్తి పూర్తిగా పోయేంత కిరణాలు తగిలితే దాని ఒంట్లో సత్తువ కూడా పోతుంది, బయటి మగదోమలతో పోటీపడి ఆడదాన్ని దక్కించుకోలేదు. అనుకూలమైన కాలంలో దోమలు తరానికి ఎన్నో రెట్లు పెరుగుతాయి కనుక నిప్లింగ్ లెక్కలోని రెండుకి ఒకటి చాలదు, పదికి ఒకటో అంతకంటే ఎక్కువో కావాలి. ఆడదోమలు పొరపాటున కలిసిపోతే అవి కుడతాయి. అయినా దారులు దొరికాయి. 1967లో బర్మాలో రంగూన్ దగ్గరి ఓక్పో గ్రామంలో జర్మన్ శాస్త్రవేత్త హానెస్ లావెన్ కిరణాలూ రసాయనాలూ లేకుండానే క్యూలెక్స్ దోమను, అంటే మన బోదకాలు దోమనే, కొద్ది వారాల్లో దాదాపు మాయం చేశాడు. వేరే ప్రాంతపు మగదోమతో జతకట్టిన స్థానిక ఆడదోమ గుడ్లు పొదగవని ఆయనకు ముందే తెలుసు. ఎందుకు పొదగవో 1971లో తేలింది. దోమ కణాల్లో కాపురముండే వోల్బాకియా అనే బాక్టీరియా అందుకు కారణం. అది మగదోమలో ఉండి ఆడదోమలో లేకపోతే, లేదా రెండింటిలో వేరువేరు రకాలదైతే, పిండం ఎదగదు. డెంగీ మోసే ఏడిస్ ఈజిప్టై దోమలో సహజంగా వోల్బాకియా ఉండదు. ప్రయోగశాలలో దాన్ని ఎక్కిస్తే, దుడుకైన కిరణాల అవసరం లేకుండానే ఆ మగదోమ నిర్వీర్య దోమ పని చేస్తుంది. ఈ ఉపాయంలో ఒక మెలిక ఉంది. వోల్బాకియా ఉన్న ఆడదోమలు కొన్ని తప్పించుకుని బయటపడితే వాటి గుడ్లు చక్కగా పొదుగుతాయి, క్రమంగా ఊరి దోమలన్నీ ఆ రకంగా మారిపోతాయి, ఆపైన మగదోమలను వదిలి ప్రయోజనం ఉండదు. అందుకే గ్వాంగ్‌జౌ దగ్గరి రెండు దీవుల్లో ఏడిస్ ఆల్బోపిక్టస్ అనే మరో జాతి దోమ మీద పనిచేసిన చైనా శాస్త్రవేత్తలు వోల్బాకియాకు తోడు చిన్న మోతాదు కిరణాలు కలిపారు. ఆ మోతాదుకు మగదోమ సత్తువ తగ్గదు, దొంగచాటుగా మిగిలిన ఆడదోమ మాత్రం గొడ్డుబోతుంది. 2019లో వాళ్లు ప్రకటించిన ఫలితాల్లో కొన్ని వారాలపాటు ఆ దీవుల్లో ఆ జాతి ఆడదోమ వలకు ఒక్కటీ చిక్కలేదు.

ఇప్పుడు మన కథ. 1970 ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి న్యూఢిల్లీలో దోమల జన్యు నియంత్రణ విభాగాన్ని నడిపాయి. క్యూలెక్స్, ఏడిస్ ఈజిప్టై, పట్టణ మలేరియా మోసే అనాఫిలిస్ స్టెఫెన్సై, మూడింటి మీదా అక్కడ పని జరిగింది. దోమ నిజంగా ఎంతదూరం ఎగురుతుంది, పెంచిన మగదోమ అడవి మగదోమతో ఎంతవరకు పోటీపడుతుంది, ఒక ఊళ్లో ఎన్ని దోమలున్నాయో ఎలా లెక్కకట్టాలి అన్న ప్రశ్నలకు అంత ఓపికగా పొలాల్లో, వీధుల్లో జవాబులు వెతికిన బృందాలు అప్పటికి ప్రపంచంలో తక్కువ. థయోటెపా అనే రసాయనంతో నిర్వీర్యం చేసిన క్యూలెక్స్ మగదోమలను ఢిల్లీ పరిసర గ్రామాల్లో వదిలినప్పుడు ఒక చేదు నిజం బయటపడింది. పక్క ప్రాంతాల్లో అప్పటికే జతకట్టిన ఆడదోమలు ఎగిరొచ్చి గుడ్లు పెడుతుంటే, ఒక్క ఊరికి చేసిన శ్రమ నిలవదు. ఆ పాఠం తీసుకునే, ఊరంతటినీ ఒకేసారి పట్టుకోవాలని, హర్యానాలోని సోనీపత్ పట్టణంలో ఏడిస్ ఈజిప్టై మీద పెద్ద ప్రయోగానికి సిద్ధమయ్యారు. 1975లో, దోమలు వదలడానికి కాస్త ముందు, అది రద్దయింది. ఆ ఏడాదే విభాగం మూతపడింది.

రద్దు కావడానికి దోమలు కారణం కావు. 1974లో వార్తా కథనాలు మొదలయ్యాయి, విషయం పార్లమెంటు ప్రభుత్వ లెక్కల సంఘం ముందుకు వెళ్లింది, 1975లో ఆ సంఘం తన 167వ నివేదిక ఇచ్చింది. సభ్యులు అడిగిన ప్రశ్నలను ఒకసారి శాంతంగా చూద్దాం. ప్రాజెక్టుకు డబ్బు అమెరికా నుంచి, ఆహారధాన్యాల సాయం కింద పోగైన పీఎల్-480 రూపాయి నిధుల నుంచి వచ్చింది. దేశాన్ని పీడిస్తున్నది ముఖ్యంగా మలేరియా కాగా ఏడిస్ ఈజిప్టైకి అంత ప్రాధాన్యం ఎందుకు? మన దేశంలో లేని పసుపు జ్వరాన్ని మోయగలిగేది ఆ దోమే కదా, దాని అలవాట్ల సమాచారం ఎవరి చేతికి పోతోంది? థయోటెపా వల్ల గ్రామస్థులకు ముప్పు లేదని ఎవరు తేల్చారు? అదే నివేదికలో పక్షుల వలస మీద బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చేసిన అధ్యయనం ప్రస్తావన కూడా ఉంది. ఆ అధ్యయనానికి అమెరికా సైన్యంతో నిధుల సంబంధం ఉండటం కల్పన కాదు. వియత్నాం యుద్ధం ముగుస్తున్న రోజుల్లో, వలస పాలన నుంచి బయటపడి పాతికేళ్లు దాటిన దేశపు పార్లమెంటు ఈ ప్రశ్నలు అడగకపోతేనే తప్పు.

అనుమానం సహేతుకమే, దాని మీద కట్టిన నిర్ధారణ మాత్రం నిలవదు. మగదోమ కుట్టదు కనుక జబ్బు అంటించలేదు. ఒక పట్టణం నుంచి ఏడిస్ ఈజిప్టైని తొలగిస్తే పసుపు జ్వరం వచ్చే అవకాశం తగ్గుతుందే తప్ప పెరగదు. జీవాయుధ కుట్ర జరిగిందనడానికి రుజువు ఆ తరవాతా దొరకలేదు. కానీ ఈ మాటలు చెప్పాల్సిన సమయం 1975 కాదు, 1970. ఏ నిధి ఎక్కడిది, ఏ రసాయనం ఎంత వాడతారు, దోమ ఒంటి మీద ఎంత మిగులుతుంది, సమాచారం ఎవరికి చెందుతుంది అన్నవి పని మొదలుపెట్టకముందే తెలుగులోనో హిందీలోనో అచ్చయి జనం చేతికి చేరి ఉంటే పత్రికలకు బయటపెట్టడానికి రహస్యమంటూ ఉండేది కాదు. ఆరోపణ వచ్చాక ఇచ్చే వివరణను జనం సంజాయిషీగానే తీసుకుంటారు. నష్టం చిన్నది కాదు. ఆ మరుసటి ఏడాది, 1976లో, దేశంలో మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. విభాగం మూతకూ దానికీ నేరుగా సంబంధం లేదు. డీడీటీకి దోమ అలవాటుపడటం, నిఘా సడలడం అందుకు కారణాలు. కానీ పురుగుమందును మించిన ఆయుధం దేశానికి ఎంత అవసరమో చెప్పిన ఏడాదికి ముందే మనం దాన్ని పక్కన పడేశాం. పుదుచ్చేరిలో అదే 1975లో నెలకొన్న రోగవాహక నియంత్రణ పరిశోధన కేంద్రం ఆ అనుభవాన్ని కొంత కాపాడుకుంది, అంతే.

సోనీపత్‌లో ఆగిపోయిన పని, అదే జాతి దోమ మీద, నాలుగు దశాబ్దాల తరవాత సింగపూర్‌లో జరిగింది. నిలవనీరు కనిపిస్తే జరిమానా వేసే దేశం అది. ఇంటింటి తనిఖీ ఎన్నో ఏళ్లుగా అక్కడ నడుస్తోంది. అయినా 2020లో ఆ చిన్న దేశంలో 35 వేలకు పైగా డెంగీ కేసులు వచ్చాయి. అంతకుముందే, 2016లో, మూడు పేటల్లో వోల్బాకియా మగదోమలను వదలడం మొదలుపెట్టారు. ఎప్పుడు వదులుతున్నారో, ఎందుకు వదులుతున్నారో, మగవి కుట్టవని ఎలా తెలుస్తుందో ముందుగా చెప్పి వదిలారు. తొలి దశలో పొరపాట్లు జరిగాయి. నేల మీద వదిలిన దోమలు ఎత్తైన అపార్ట్‌మెంట్ల పైఅంతస్తులకు సరిగా చేరలేదు. ఆ సంగతి దాచలేదు, తరవాతి దశలో పైఅంతస్తుల్లోనూ వదిలారు. వదిలిన పేటలను వదలని పేటలతో పోల్చి చూసిన అధ్యయనంలో ఏడిస్ దోమలు బాగా పడిపోయాయి, డెంగీ 70 శాతానికి పైగా తగ్గింది. సింగపూర్ సంపన్న దేశం, అక్కడ ప్రభుత్వ మాటకు ఎదురు తక్కువ, దాన్ని మనకు నమూనాగా చూపొచ్చా అని మీరడగవచ్చు. ఆ ప్రశ్నలోని బలం నాకు తెలుసు. జరిమానాతో జనాన్ని ఒప్పించగల ప్రభుత్వం కూడా ఈ విషయంలో మాత్రం ముందుగా చెప్పే దారినే ఎంచుకుంది. అందుకే ఆ ఉదాహరణ నాకు గట్టిగా కనిపిస్తుంది. జనాభిప్రాయం బాహాటంగా చీలే చోట ఏం జరుగుతుందో అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవులు చూపాయి. జన్యుమార్పిడి చేసిన మగదోమల మీద అక్కడ 2016 నవంబరులో ఓటింగు పెట్టారు. కౌంటీ మొత్తం మీద ఎక్కువమంది సరేనన్నారు, దోమలు వదలాలని అనుకున్న కీ హేవెన్ జనం వద్దన్నారు. అక్కడ వదలలేదు. వేరే దీవుల్లో 2021లో వదిలారు. ఐదేళ్లు ఆలస్యమైంది, కానీ సోనీపత్‌లా శాశ్వతంగా మూతపడలేదు.

ఇక అభ్యంతరాలు. ఒక జీవిని ప్రకృతి నుంచి తీసేస్తే గొలుసు తెగదా అని చాలామంది మనస్ఫూర్తిగా అడుగుతారు. ఏడిస్ ఈజిప్టై పుట్టిల్లు ఆఫ్రికా. ఓడల్లో, వ్యాపారంతో వచ్చి మన నీళ్లతొట్లలో, కూలర్లలో, పాత టైర్లలో, పూలకుండీల పళ్లేల్లో స్థిరపడింది. కేవలం దాని మీద ఆధారపడి బతికే చేపగాని, పక్షిగాని, గబ్బిలంగాని మన పట్టణాల్లో లేదు. పైగా నిర్వీర్య మగదోమ తన జాతి ఆడదాన్నే వెతుకుతుంది. తేనెటీగనూ, తూనీగనూ ముట్టదు. పొగబండి వదిలే మందుకు ఆ విచక్షణ లేదు. చివరి దోమ దాకా ఎలా చంపుతారన్న అభ్యంతరానికి సికింద్రాబాద్‌లో 1897లో దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసిన రొనాల్డ్ రాసే జవాబు చెప్పాడు. 1908లో మారిషస్ మలేరియా మీద రాసిన నివేదికలో, దోమల సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, దోమలు మిగిలున్నా జబ్బు తనంతట తనే తగ్గుముఖం పడుతుందని లెక్కకట్టి చూపాడు. మరో అభ్యంతరం నాకు మరింత బరువైనదిగా తోస్తుంది. దోమల ఫ్యాక్టరీ వచ్చాక మునిసిపాలిటీ మురుగు కాలువలు, మంచినీటి పంపులు పట్టించుకోవడం మానేయదా? రోజు విడిచి రోజు నీళ్లొచ్చే వీధుల్లో జనం తొట్లు నింపుకోక తప్పదు, ఆ తొట్లే ఏడిస్ పుట్టిళ్లు. నా జవాబు నిప్లింగ్ లెక్కలోనే ఉంది. దోమలు ఎంత తక్కువుంటే వదలాల్సిన మగదోమలు అంత తక్కువ. తొట్లు కడిగించకుండా, నీళ్లు రోజూ ఇవ్వకుండా మగదోమలను వదలడమంటే, బిందె అడుగున చిల్లి ఉంచుకుని నీళ్లు మోయడమే. తొట్లు ఖాళీచేసి ఆరబెట్టే శుక్రవారం డ్రై డే మానేసే ఊరికి ఈ పద్ధతి ఇవ్వకూడదు.

ఇది అన్ని జబ్బులకూ సరిపోయే పద్ధతి కూడా కాదని గట్టిగా చెప్పాలి. మన్యం ప్రాంతపు మలేరియాకు కారణమైన దోమలు అడవి వాగుల్లో, పొలాల నీళ్లలో, విశాలమైన నేల మీద చెదిరి పుడతాయి. అక్కడ దోమతెరలు, త్వరగా రక్తపరీక్ష, వెంటనే మందు, ఇవే దారి. మనిషి ఇంటి చుట్టూనే తిరిగి, మామూలుగా వంద రెండు వందల గజాలకు మించి పోని ఏడిస్‌కే ఈ పద్ధతి బాగా అమరుతుంది. ఇంకో గందరగోళాన్ని కూడా ముందే తొలగించాలి. పుదుచ్చేరి కేంద్రం 2022లో ప్రకటించిన వోల్బాకియా దోమల ఉద్దేశం వేరు. అందులో ఆడదోమలను కూడా వదులుతారు. దోమల సంఖ్య తగ్గదు, వాటిలో డెంగీ వైరస్ పెరగనివ్వకుండా బాక్టీరియా అడ్డుపడుతుంది. ఇండొనేసియాలోని యోగ్యకర్తాలో ఆ దారిన డెంగీ 77 శాతం తగ్గినట్లు 2021లో ప్రచురించారు. రెండూ మంచి పద్ధతులే. కానీ ఒకదాంట్లో దోమ కాటు తగ్గుతుంది, రెండోదాంట్లో తగ్గదు. ఈ తేడా చెప్పకుండా వదిలితే, కుట్టించుకున్న ప్రతి ఇల్లూ మోసపోయామనుకుంటుంది, ఆ కోపం రెండు పద్ధతులనూ కాల్చేస్తుంది.

కాబట్టి హైదరాబాదులోగాని, విశాఖలోగాని, మరే తెలుగు పట్టణంలోగాని ఎవరైనా ఈ పని తలపెడితే నేను ముందుగా అడిగేవి కొన్ని ఉన్నాయి. కిరణమా, వోల్బాకియానా, జన్యుమార్పిడా అన్నది, నిధుల మూలం, లక్ష మగదోమల్లో ఎన్ని ఆడవి కలిసిపోతున్నాయన్న వారంవారం లెక్క, అన్నీ తెలుగులో, ఉర్దూలో వార్డు కార్యాలయం గోడ మీద ఉండాలి. వదలని పేటను పక్కన పెట్టుకుని పోల్చాలి, ఆ పేటవాళ్లకు తాము పోలికగా ఉన్నామని తెలియాలి. ఆపమని చెప్పే అధికారం స్థానిక సంస్థకు ఉండాలి. ఫలితం రాకపోతే అది కూడా అదే గోడ మీదికి రావాలి. డబ్బు సంగతి చివరికి మిగిల్చాను, ఎందుకంటే మంచి ప్రయోగాలు ఎక్కువగా చచ్చిపోయేది అక్కడే. ఏడిస్ గుడ్డు తడి లేకుండా నెలల తరబడి బతికుండి, తొలి వానకు పొదుగుతుంది. చుట్టుపక్కల నుంచి కొత్త దోమలు వస్తూనే ఉంటాయి. మగదోమలను ఆపిన కొద్దికాలానికే పాత సంఖ్య తిరిగొస్తుంది. పనామా దగ్గర నిర్వీర్య ఈగలతో ఏళ్ల తరబడి నిలిపిన అడ్డుగీతను దాటి స్క్రూవర్మ్ 2023 నుంచి మధ్య అమెరికా అంతటా మళ్లీ పాకి, 2024లో మెక్సికో చేరింది. గెలిచిన పద్ధతికీ కాపలా తప్పదని దాని అర్థం. అందువల్ల ఈ ఖర్చును నీటి సరఫరా ఖర్చులా ఏటా బడ్జెట్‌లో పెట్టాలి. రెండు మూడు వానాకాలాలకు సరిపడా నిధులు ముందే కేటాయించలేని నగరం మొదటి పెట్టె దోమలను తెరవకూడదని నా అభిప్రాయం.